మూడేళ్ళ నాటి గేషో

హిదార్ 12, దేవదూత మిఖాయేల్ రోజు

తెచ్చేశాను. మిఖాయేల్ పేరిట నెలకో ఇంట్లో జరిగే మా మహ్బర్ విందు చెంబు ఇప్పుడు నా ఇంట్లో ఉంది. అమ్మ మంచం పక్కన బల్ల మీద, ఎర్ర గుడ్డ కింద. ముందు కొవ్వొత్తి పెట్టాను.

ఈ నెల వంతు వర్కు మామది. భోజనాలయ్యాక, చెంబు తర్వాత ఎవరి చేతికివ్వాలన్న దగ్గర అందరూ నేల చూపులు చూశారు. వచ్చే నెల వంతు అమ్మది. అమ్మ పోయింది వానల్లో. మంచాన పడ్డ మూడేళ్ళూ ఆమె వంతుకి దెబ్రితు అత్తే బార్లీ పులియబెట్టి తెల్లా తీసి నడిపించింది. మహ్బర్‌కి పెద్ద ఆవిడే, కాబట్టి ఎవరూ కిక్కురుమనలేదు.

"బఫెనా పోయి కుర్చీ ఖాళీ అయింది," అంది అత్త. "పెద్ద కూతురేమో సంఘం మారింది. చిన్నదానికి నీళ్ళు కాచడం కూడా సరిగ్గా రాదు. ఎదురింటి వాళ్ళు ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నారు. ఇచ్చేద్దామా?"

చిన్నది అక్కడే కూర్చుని ఉంది. నేనే.

"నేనున్నాగా అత్తా."

"లెక్కల టీచరమ్మవి. తెల్లా పెట్టడమంటే బోర్డు మీద గీతలు గీయడమనుకున్నావా?"

అందరూ నవ్వారు. వర్కు మామ అయితే గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి చెప్పాను: "వచ్చే పన్నెండున మా ఇంటికి రండి. మా బానలో నా చేత్తో పెట్టిన తెల్లా తాగండి. బాగోలేదంటే కుర్చీ ఎదురింటి వాళ్ళకే ఇచ్చేయండి."

నోరు జారలేదు. తెలిసే అన్నాను.

కొని తెచ్చిన తెల్లా మా దగ్గర చెల్లదు.

తెలిసే అన్నాను.


హిదార్ 13

అమ్మ కొట్టుగది తెరిచాను. ఆమె మంచాన పడ్డాక ఎవరూ తెరవలేదు. దూలానికి గుడ్డమూటలో, తెల్లాని పులియబెట్టే గేషో ఆకు. ఆకు వేరు, పుల్ల వేరు, రెండు మూటలు. పుల్ల తేనె సారాకి, ఆకు తెల్లాకి, ఆ మాత్రం నాకూ తెలుసు. పెద్ద సొరబుర్రలో మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, మూతికి బూడిద కలిపిన మట్టి మెత్తి ఉంది. రేకు డబ్బాలో వేయించిన బార్లీ. మూలన బాన. నా నడుం దాకా ఉంటుంది, లోపల పొగచూరి నల్లగా ఉంది.

సొరబుర్ర మట్టి పగలగొట్టాను. పైన పురుగు పట్టింది. చేయి లోపలికి పెట్టి అడుగు నుంచి తీసి నమిలితే ఇంకా తియ్యగానే ఉంది. గేషో ఆకు చేత్తో నలిపితే దుమ్ము వాసన, నాలుక మీద పెట్టుకుంటే చేదు. చేదుందంటే ప్రాణముంది.

ఫంతాయె అక్క వచ్చింది. గుమ్మం దాటలేదు. ప్రార్థన సంఘంలో చేరి పదేళ్ళు దాటింది, తెల్లా ముట్టదు, మిఖాయేల్‌కి కొవ్వొత్తి పెట్టదు.

"ఇవన్నీ పారెయ్యవే. మూడేళ్ళ నాటి చెత్త."

"చెత్తేంటి? శుభ్రంగా ఉన్నాయి. పారేయడం దండగ."

"బజార్లో కొత్త గేషో లేదా?"

"ఉన్నది పెట్టుకుని కొనడమెందుకు?"

నిజంగా అంతే. ఉన్నది పారేసి కొనడం నాకు నచ్చదు.

గదిలోకి తొంగి చూసి అంది: "సర్లే. రేపు నువ్వు బడికెళ్ళు. గది నేను శుభ్రం చేసి పెడతా."

అక్క నోరు కరుకు గానీ మనసు మంచిది.


హిదార్ 14

బడి నుంచి వచ్చేసరికి గది అద్దంలా ఉంది. సాలెగూళ్ళు లేవు, నేల అలికింది. బాన కూడా కడిగి ఎండలో బోర్లించింది. లోపల నలుపు మొత్తం పోయి ఎర్రటి మట్టి కనిపిస్తోంది. బ్లీచింగ్ వాసన కొడుతోంది. పాపం ఎంతసేపు రుద్దిందో.


హిదార్ 16

నిన్నటి నుంచి ఉపవాసాలు. దెబ్రితు అత్త శనగపిండి కూర పట్టుకుని వచ్చింది. చెంబు ముందు దండం పెట్టుకుని, కూర్చుని, ఏది ఎప్పుడు వెయ్యాలో చెప్పింది. ముందు గేషో నానాలి. అది పొంగాక మొలక పిండి, పులియని రొట్టె ముక్కలు. తర్వాత మాడ్చిన పిండి. తర్వాత నీళ్ళు పోసి మూతికి మట్టి. నాకు ఇలా విడమరచి చెప్పినవాళ్ళు ఇన్నాళ్ళూ ఎవరూ లేరు.

గేషో పాతదని చెప్పాను.

"కొత్తది కొనుక్కో."

"ఇది బాగానే ఉంది అత్తా."

"మీ అక్కనడగవే. పదేళ్ళ వయసు నుంచి మీ అమ్మ పక్కన పిండి విసిరింది అది. సంఘంలో చేరాక మానేసింది గానీ దాని చేతికి అంతా తెలుసు."

అక్కని అడగను. తాగనిదాన్ని తాగేవాటి గురించి అడిగి ఇబ్బంది పెట్టడమెందుకు.


హిదార్ 17

మొదలుపెట్టాను. పొగ కోసం దాచే వైరా చెట్టు పుల్లలు నిప్పుల మీద వేసి బాన బోర్లించి పొగ పట్టించాను. కళ్ళు మండి ఏడ్చినంత పనైంది. ఆకు మూటలో సగం నలిపి వేసి నీళ్ళు పోశాను.


హిదార్ 19

పొంగలేదు. చలి వల్ల. పొద్దున పెరట్లో నీళ్ళ మీద మంచు పెచ్చు కట్టింది. బానకి దుప్పటి చుట్టాను.


హిదార్ 20

పొంగలేదు.


హిదార్ 21

మూత తీసి తల లోపలికి పెట్టాను. గేషో వాసన లేదు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే మా బడి మరుగుదొడ్లు కడుగుతారే, ఆ వాసన. నా నీలి కోటు దుప్పటి మీద కప్పాను.


హిదార్ 22

పారబోశాను. మురిక్కాలవలో ఆకులు కొట్టుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాను. అమ్మ కోసి, ఎండబెట్టి, మూటకట్టిన ఆకులు. మా కంచె గేషో చెట్టువి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కంచె మొత్తం పోయింది కాబట్టి ఇంక ఆ ఆకు ఎక్కడా దొరకదు.

బాన మట్టిలో బ్లీచింగ్ ఇంకిపోయింది. తెల్లాకి ప్రాణం పోసేది ఆ మట్టే. ఎన్నేళ్ళ తెల్లా దాని గోడల్లో ఉందో అంతా చచ్చిపోయింది.

అక్కకి తెలియదు. శుభ్రం చేద్దామని కడిగింది.

పదేళ్ళ వయసు నుంచి అమ్మ పక్కన పిండి విసిరిన మనిషికి తెలియదు.


హిదార్ 23

బడి వదలగానే అక్క బట్టల కొట్టుకి వెళ్ళాను. ఎవరో పెళ్ళి చీరలాంటి తెల్లటి అంచు బట్ట బేరం చేస్తున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా కూర్చున్నాను.

"బాన బ్లీచింగుతో ఎందుకు కడిగావు?"

"మురికిగా ఉంది."

"అక్కా."

మడత పెడుతున్న బట్ట పక్కన పడేసింది.

"తెలిసే కడిగాను. సీసా మొత్తం పోసి, రాత్రంతా నానబెట్టకపోయినా, పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా నానబెట్టి కడిగాను. ఏం చేస్తావు?"

"ఎందుకు?"

"తాగొచ్చి పడిపోయిన నాన్నని రోజూ గుమ్మం దగ్గర్నుంచి మంచం దాకా మోసిందెవరు? నువ్వా? నీకప్పుడు పాలపళ్ళు కూడా ఊడలేదు. అమ్మ ఆ పొగలో దగ్గుతూనే ఉండేది. మహ్బర్ వాళ్ళొచ్చేవాళ్ళు, తాగేవాళ్ళు, దీవించేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు. గిన్నెలు నేను తోమేదాన్ని. నువ్వు గదిలో దీపం పెట్టుకుని ఎక్కాలు చదువుకునేదానివి. అమ్మ నిన్ను బడికి పంపింది, నన్ను తిరగలి దగ్గర కూర్చోబెట్టింది. ఇప్పుడు నీకు ఆ పొగ కావాల్సొచ్చిందా? అమ్మతోనే పోవాలి అది. పోనీ అనుకున్నా."

"నాతో ముందే చెప్పొచ్చుగా."

"చెప్తే వింటావా? నువ్వెప్పుడు విన్నావే?"

వినను. అది నిజమే. అయినా నా నోట్లోంచి వచ్చింది వేరే మాట: "అమ్మ నీకు చేతుల పని ఇచ్చింది. నాకు పుస్తకాలిచ్చి పంపేసింది. ఒక్కసారి కూడా పక్కన కూర్చోబెట్టుకోలేదు. ఆ కుర్చీ కూడా వదిలెయ్యమంటావా?"

అక్క పక్కన పడేసిన బట్ట తీసి మళ్ళీ మడత పెట్టసాగింది. నేను వచ్చేశాను.

పారేయడం దండగని కాదు. ఇంట్లో అమ్మ చేయి తగిలినవి ఇంకేం మిగిలాయి? బట్టలు పంచేశాం. మంచం గుడికిచ్చేస్తున్నాం. ఈ ఆకు, ఈ గింజలు. అవి తెల్లా అయి ఒకసారి అందరి గ్లాసుల్లోకీ వెళ్ళాలి. మురిక్కాలవలోకి కాదు.

మళ్ళీ పెడతాను.


హిదార్ 24

అక్క బాన కడిగిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. దెబ్రితు అత్తకి తప్ప.


హిదార్ 25

బానకి వైద్యం. బార్లీ తవుడు కలిపిన నీళ్ళతో నింపడం, పొద్దున పారబోయడం, పెరట్లోని వేరే చేదాకు వేసి రుద్దడం, ఎండలో పెట్టడం, వైరా పొగ పట్టించడం, మళ్ళీ నింపడం. బడికి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. అయిదో తరగతి పిల్లలు "టీచర్, మీ దగ్గర పొగ వాసన" అన్నారు. అవునన్నాను.


హిదార్ 27

తవుడు నీళ్ళకి కొంచెం పుల్లటి వాసన వచ్చింది. చాలాసేపు బాన పక్కనే కూర్చున్నాను.


హిదార్ 28

ఈసారి తొందరపడను. మిగిలింది సగం మూటే. గుప్పెడు ఆకు గాజు సీసాలో నానబెట్టి పొయ్యి పక్కన పెట్టాను. ఆకే చచ్చిందో, బానే చంపిందో తేలాలి. సగం ఆకు పోయాక చేస్తున్నాను ఈ పరీక్ష. పిల్లలకి రోజూ చెప్తాను, లెక్క చేశాక సరిచూసుకోండర్రా అని.


హిదార్ 30

సీసాలో బుడగలు! కింద నుంచి ఒకటి, దాని వెనక ఇంకొకటి, ఆగి ఆగి వస్తున్నాయి. ఆకు బతికే ఉంది. "అమ్మా" అని గట్టిగా పిలిచాను. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.


తహ్సాస్ 1

మిగిలిన ఆకంతా బానలో వేశాను. సీసాలో నీళ్ళు కూడా. పాతది కదా, చేదు తగ్గి ఉంటుంది. అందుకే దెబ్రితు అత్త చెప్పినదానికంటే బాగా ఎక్కువే వేశాను.


తహ్సాస్ 3

పొంగింది. నురగ!


తహ్సాస్ 4

సొరబుర్ర పైన పురుగు పట్టిన భాగం కోళ్ళకి వేసి, అడుగున ఉన్నది జల్లించి విసిరాను. తిరగలి తిప్పుతుంటే అరచేతులు బొబ్బలెక్కాయి. అక్క పదేళ్ళ పిల్లగా తిప్పిందట ఇదే తిరగలి. రొట్టెలు కాల్చి తుంచి వేశాను. ఒక రొట్టె మాడింది, అది కూడా వేశాను. మాడినదాంతో రంగు వస్తుంది.


తహ్సాస్ 6

స్టాఫ్ రూములో సైన్సు టీచరు అడిగింది: "మీ అక్క మిఖాయేల్ బానలో విషం కలిపిందటగా?"

విషం!

"బ్లీచింగండీ. కడిగింది," అన్నాను. "అదే, మందే కదా," అంది ఆమె.

నేను దెబ్రితు అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం అక్క కొట్టు ముందు నుంచి నడిచాను. సంతరోజు. పక్క కొట్లు కిటకిటలాడుతున్నాయి. అక్క ఒక్కతే స్టూలు మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తోంది. నన్ను చూసింది. నేను ఆగలేదు.


తహ్సాస్ 7

మాడ్చిన పిండి వేసి, నీళ్ళు నింపి, మూతికి మట్టి మెత్తాను. ఇక నా చేతుల్లో ఏమీ లేదు.

అక్క ముఖం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఆమె చేసింది తప్పు. నేను చెప్పింది నిజమే. నిజమే చెప్పాను కానీ ఎవరి చెవిలో చెప్పాను? ఊరంతటికీ చుట్టమైన మనిషి చెవిలో. ఆ మాట ఎక్కడిదాకా పోతుందో నాకు తెలుసు.


తహ్సాస్ 8

దెబ్రితు అత్త ఇంటికి వెళ్ళి, అక్క విషం కలపలేదని అందరికీ చెప్పమన్నాను. "నేనెప్పుడన్నానే విషమని? జనాలు అనుకుంటే నేనేం చేసేది?" అంది. చెప్తానని మాత్రం అనలేదు.

అక్కకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.


తహ్సాస్ 11

రేపే.


తహ్సాస్ 12

వరసగా రాస్తాను. లేకపోతే ఏదో ఒకటి పోతుంది.

పొద్దున్నే తలుపు తడితే తీశాను. అక్క. నెత్తి మీద ఇంజెరా రొట్టెల బుట్ట, చేతిలో మసూరు పప్పు కూర గిన్నె.

"పన్నెండు ఇళ్ళవాళ్ళకి నువ్వొక్కదానివే వడ్డిస్తావా?" అంటూ లోపలికి వచ్చింది. చెంబు ఉన్న బల్ల వైపు చూడలేదు, సరాసరి పొయ్యి దగ్గరికి పోయింది.

"అక్కా, ఊళ్ళో ఆ మాట నా వల్లే..."

"తెలుసు. ఉల్లిపాయలెక్కడ పెట్టావు?"

మట్టి పగలగొట్టి మూత తీశాను. పుల్లటి వాసన, పొగ వాసన. గుడ్డలో వడకడితే ముదురు గోధుమ రంగులో దిగింది. రుచి చూడలేదు. భయమేసింది.

మధ్యాహ్నం ప్రార్థన ముగిసి అందరూ వచ్చారు. చెంబు ముందు దండాలు, పాట, ఫాదరు గారి దీవెన. పప్పులు, ఆకుకూర, ఇంజెరా తిన్నారు. అక్క చేతి కూరని వర్కు మామ రెండుసార్లు వడ్డించుకుని "ఇది టీచరమ్మ వంట కాదు, నేను బల్ల గుద్ది చెప్తా," అన్నాడు. నవ్వారు. నాకు కొంచెం ధైర్యమొచ్చింది.

కూజా పట్టుకుని గ్లాసులన్నీ నింపాను. ఆనవాయితీ ప్రకారం పోసేవాళ్ళే ముందు తాగాలి, ఇందులో ఏమీ కలపలేదని చూపించడానికి. ఎడమ అరచేతిలో పోసుకుని తాగాను. చేదు గొంతు దాకా పాకింది. కానీ తెల్లానే. అచ్చంగా తెల్లానే.

ఎవరూ గ్లాసు ఎత్తలేదు.

వర్కు మామ మీసం దువ్వుకుంటున్నాడు. దెబ్రితు అత్త గ్లాసు చుట్టూ వేలు తిప్పుతోంది. చివరికి మూలనున్న ఒకామె మెల్లగా అంది: "నువ్వు తాగావు, బాగానే ఉంది టీచరమ్మా. బాన కడిగినావిడ తాగలేదుగా."

తల కొట్టేసినట్టయింది. దెబ్రితు అత్త వైపు చూశాను. ఆవిడ కిందకి చూసింది. ఇన్నాళ్ళు చేసిందంతా ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కుర్చీ పోతే పోనీ, ఈ మాట అక్క వినకుండా ఉంటే చాలనిపించింది.

వింది. వంటింట్లోంచి వచ్చింది, చేతిలో గరిటె. గరిటె నా చేతికిచ్చి, కొంగుతో చేయి తుడుచుకుని, ఎడమ అరచేయి చాపింది.

"పొయ్యి."

"వద్దక్కా."

"పొయ్యవే."

"నువ్వు మొక్కుకున్నావు. తాగనని..."

"ఎవరికి మొక్కానో ఆయనతో నేను మాట్లాడుకుంటా. నువ్వు పొయ్యి."

ఒక చేతిలో గరిటెతో కూజా వంచితే సగం నేల పాలైంది. మిగిలింది అక్క అరచేతిలో పడింది. పదేళ్ళ పైన ముట్టని మనిషి. నన్నే చూస్తూ తాగింది. కళ్ళు మూసుకుంది. నాలుక చప్పరించింది.

"గేషో ఇంత ఎక్కువేశావేంటే! ఎవరు చెప్పారు నీకు? పాత ఆకు బాగా ఎండి ఉంటుంది, అందుకే చేదు కూడా ఎక్కువ. తగ్గించి వెయ్యాలి, పెంచి కాదు. అమ్మ ఉంటే మొట్టికాయ వేసేది." మూలనున్నామె వైపు తిరిగింది. "చస్తే నీకు కబురు పంపుతా. ఈలోగా తాగు."

వర్కు మామ పకపకా నవ్వి గ్లాసు ఎత్తాడు. ఆ తర్వాత అందరూ ఎత్తారు. ముఖాలు చిట్లించుకుంటూనే తాగారు, మళ్ళీ పోయమన్నారు. సాయంత్రానికి బానలో గరిటెతో గీకాల్సి వచ్చింది.

దెబ్రితు అత్త మూడో గ్లాసు ఖాళీ చేసి నన్ను పిలిచింది.

"ఇది బఫెనా తెల్లా కాదు."

"కాదు అత్తా."

"దాని దాంట్లో సగం కూడా లేదు. నీ నోట్లాగే ఉంది, చేదుగా." లేచి చెంబు తీసి వచ్చే నెల వంతు వాళ్ళ చేతికిచ్చింది. గుమ్మం దగ్గర ఆగి అంది: "ఎదురింటి వాళ్ళకి చెప్తాలే, కుర్చీ ఖాళీ లేదని. మీ అక్క గురించి కూడా చెప్తాను. అందరికీ."

అందరూ వెళ్ళాక అక్క కోసం వంటింట్లోకి వెళ్తే గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. అక్క లేదు.


ఆదివారం

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను. తనే చెప్పింది, బియ్యంలో రాళ్ళేరుకుంటూ, ఎవరి సంగతో చెప్పినట్టు. పొద్దున సంఘంలో అందరి ముందూ లేచి నిలబడిందట. "మా చెల్లెలి ఇంట్లో, మిఖాయేల్ పండక్కి, తెల్లా తాగాను. మీరు ఎవరో చెప్తే వినడం కంటే నేనే చెప్పడం మంచిది," అందట. పశ్చాత్తాపపడుతున్నావా అని పెద్దలడిగారట.

"ఏమన్నావు?"

"పశ్చాత్తాపం రావట్లేదండీ అన్నాను. అబద్ధం చెప్పమంటావా ప్రార్థనలో?"

పాటల బృందంలో ముందు వరసలో ఆమెకో కుర్చీ ఉంది. పదేళ్ళుగా అక్కడే పాడుతుంది. వాళ్ళు మళ్ళీ పిలిచేదాకా పాడొద్దని, వెనక బెంచీలో కూర్చోమని చెప్పారట.

"ఎన్నాళ్ళు?"

"ఏమో." చేట పక్కన పెట్టింది. "ఎందుకే ఏడుస్తావు? కుర్చీ వచ్చిందిగా నీకు."

వచ్చింది. ఆమె కుర్చీ పోయి నాకు వచ్చింది.

ఇంటికి వచ్చి చాలాసేపు ఆలోచించాను. ఇప్పుడు ఆలోచించడం అయిపోయింది. వచ్చే ఆదివారం అక్కతో పాటు వాళ్ళ సంఘానికి వెళ్తాను. వెనక బెంచీలో ఆమె పక్కన కూర్చుంటాను. ఆ పై ఆదివారం కూడా. వాళ్ళు ఆమెని ముందుకు పిలిచేదాకా వెళ్తాను. మహ్బర్ వాళ్ళకి తెలుస్తుంది, వచ్చిన కుర్చీ మళ్ళీ పోవచ్చు, దెబ్రితు అత్త ఊరంతా చెప్తుంది.

చెప్పనీ. అక్క వద్దంటుంది, వినను.